ధర సరే, డబ్బు ఏ తేదీకి ఇస్తారు?

పంచదార ఫ్యాక్టరీల గురించి మా గోదావరి జిల్లాల్లో ఎవర్ని కదిపినా రెండు మాటలే వినిపిస్తాయి. "ఫ్యాక్టరీ మూతపడింది, రైతు పని అయిపోయింది" అనేది ఒకటి. "పోతే పోయింది, పీడా వదిలింది, హాయిగా వరి వేసుకుంటున్నాం" అనేది రెండోది. ఈ రెండో మాట అనేవాళ్లలో ఎక్కువమంది సొంత భూమి, సొంత బోరు ఉన్నవాళ్లే, అది వేరే సంగతి. నాకు రెండూ సగం సగం మాటల్లాగే కనిపిస్తాయి. ఊరి పక్కన పంచదార ఫ్యాక్టరీ ఉండటం వల్ల రైతుకి దక్కిన అసలు లాభం టన్నుకి ఇంత అనే ధరలో లేదు, ఫలానా తేదీకి ఇంత సొమ్ము చేతికొస్తుంది అన్న భరోసాలో ఉంది. ఆ భరోసా పోయిన రోజునే ఫ్యాక్టరీ పోయింది. గేటుకి తాళం పడింది ఆ తర్వాతెప్పుడో.

అయినా చెరకు మీద చర్చ ఎక్కడ జరిగినా ధర దగ్గరే తిరుగుతూ ఉంటుంది. 2009 నుంచి కేంద్రం ఏటా ఎఫ్ఆర్‌పీ పేరుతో ఒక ధర ప్రకటిస్తోంది, ఏ ఫ్యాక్టరీ అయినా అంతకు తక్కువ ఇవ్వకూడదు. 2023-24 సీజన్‌కి క్వింటాలు 315 రూపాయలు, 2024-25కి 340, 2025-26కి 355. పేపర్లో ఇది చదివి టన్నుకి 3,400 అని లెక్కేసుకుంటాం, కానీ అది 10.25 శాతం రికవరీ ఉన్న చెరకుకి. అంటే టన్ను చెరకులో నూట రెండున్నర కిలోల పంచదార దిగాలి. కొల్హాపూర్ వైపు అంతకంటే ఎక్కువే దిగుతుంది, వాళ్ల నేల వేరు, రాత్రిళ్లు చలి వేరు. మన కోస్తాలో ఉక్కపోత, గాలివానకి పడిపోయిన తోటలు, పడిన గడల నుంచి మళ్లీ మొలిచే పిలకలు, వీటన్నిటి మధ్య రికవరీ తొమ్మిది, తొమ్మిదిన్నర దగ్గర కొట్టుకుంటూ ఉంటుంది. తొమ్మిదిన్నరా అంతకు తక్కువా ఉంటే 2024-25లో క్వింటాలుకి 315 రూపాయల 10 పైసలు. అదే మన అసలు ధర అనుకోవాలి.

ఎకరాకి 35 టన్నులు పండిందనుకుందాం. లక్షా పదివేల చిల్లర వస్తుంది. ఇందులో కోత కూలి, తోలకం, నాటే ముచ్చెలు (విత్తనం చెరకు ముక్కలు), ఎరువులు, గడలు పడిపోకుండా జడ చుట్టిన కూలి అన్నీ పోవాలి. ఈ లక్షా పదివేలూ పది నెలలు ఆలస్యమైతే? మా ఊళ్లో బయట అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ, అది కూడా మొహం తెలిసిన వాళ్లకి. నెలకి రెండువేల రెండొందలు. పది నెలలకి ఇరవై రెండు వేలు. ఇప్పుడు ఇటు చూడండి, 315 నుంచి 340కి పెంచినప్పుడు "రైతుకి పండగ" అని వార్తలొచ్చాయి కదా, ఆ పెంపు మొత్తం రైతుకి అందిందనుకున్నా టన్నుకి 250, ఎకరాకి 8,750 రూపాయలు. నాలుగు నెలల వడ్డీకే ఆ పండగ కాస్తా అయిపోయింది, మిగతా ఆరు నెలలూ ఎదురు కడుతున్నట్టే. ధర కోసం ధర్నా చేసిన సంఘాలు ఈ లెక్క ఎందుకు వెయ్యవో నాకెప్పటికీ అర్థం కాదు.

చట్టం లేదా అంటే, ఉంది, చాలా గట్టిగానే ఉంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలిపి ఇవ్వాలి. అప్పటికీ ఇవ్వకపోతే భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు కలెక్టరు వసూలు చెయ్యొచ్చు. ఈ పదిహేను శాతం వడ్డీ చేతిలో పడిన రైతుని నేనింతవరకూ చూడలేదు. వడ్డీ దాకా ఎందుకు, అసలు ఇస్తే చాలు అనే స్థితికి తెచ్చాక వడ్డీ అడిగే నోరు ఎవరికుంటుంది?

నోరు లేకపోవడానికి కారణం చెరకులోనే ఉంది. ధాన్యమైతే ఆరబెట్టి, బస్తాల్లో పోసి, ధర నచ్చకపోతే నెల రోజులు ఆపుకోవచ్చు. మిల్లరు కాకపోతే ఇంకో మిల్లరు. చెరకు అలా కాదు. కోసిన గడ ఒక రోజు దాటితే బరువు తగ్గుతుంది, పంచదార తగ్గుతుంది, నాలుగైదు రోజులైతే పుల్లటి వాసన కొడుతుంది. కొయ్యకుండా తోటలోనే ఉంచుదామంటే ముదిరి బెండు పడుతుంది, రెండో పంట వెనక్కి పోతుంది. పక్క జిల్లా ఫ్యాక్టరీకి తోలుదామంటే లారీ బాడుగే మింగేస్తుంది, పైగా ఏ ఊరి చెరకు ఏ ఫ్యాక్టరీకో ముందే ఏరియా కేటాయింపు ఉంటుంది. ఆ కేటాయింపు ఎత్తెయ్యాలని పంచదార రంగం మీద కేంద్రం వేసిన రంగరాజన్ కమిటీ 2012లోనే చెప్పింది. ఎత్తేసినా రోడ్డు పొడవు తగ్గదు కదా. పోనీ గానుగ పెట్టి బెల్లం వండుకుందామంటే దానికి పనిమంతులు కావాలి, పొయ్యి కావాలి, ఆ ధర ఇంకో జూదం. కాబట్టి కొనేవాడు ఒక్కడే, సరుకు నిలవ ఉండదు, మళ్లీ ఏడాది కటింగ్ ఆర్డరు, అంటే ఎవరి తోట ఎప్పుడు కొయ్యాలో చెప్పే అనుమతి, ఆ ఒక్కడి చేతిలోనే. నిరుడు బకాయి గట్టిగా అడిగినవాడి తోటకి ఈ ఏడు ఆర్డరు మార్చి నెలాఖరులో వస్తుంది, అప్పటికి ఎండలకి గడ ఎండి బరువు పోతుంది. ఎవరూ కాగితం మీద రాయరు, కానీ అందరికీ తెలుసు.

మా ఇంట్లో జరిగిందీ ఇదే. ఫ్యాక్టరీ పేరెందుకు గానీ, ఒక సీజన్ డబ్బులో కొంత ఇచ్చి మిగతాది "వచ్చే వారం" అన్నారు. ఆ వచ్చే వారం తర్వాతి సీజన్ దాకా నడిచింది. మా బాబాయి వెళ్లి ఆఫీసులో కూర్చుని వస్తుండేవాడు, అక్కడ ఫ్యాను కింద ఒక బెంచీ, మంచినీళ్లు, మర్యాద, అన్నీ ఉండేవి, చెక్కు తప్ప. "ఏంటి బాబాయ్, గట్టిగా అడగలేకపోయావా?" అంటే, "అడిగేస్తే మాత్రం ఏం చేసేస్తారేంటిరా, తోటలో ఇంకా రెండెకరాల గడ నిలబడుంది, అది ఎవడు కోస్తాడు?" అన్నాడు. ఆ మరుసటి ఏడే కార్శి తోట (కోసిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగిన చెరకు) దున్నించేసి వరి నాటించాడు. మా వీధిలో అలా దున్నించినవాళ్లు ఆయనొక్కడే కాదు.

ఇక్కడ ఫ్యాక్టరీ వాళ్ల గోడు కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. పంచదార కనీస అమ్మకం ధరని కేంద్రం 2018లో కిలో 29 రూపాయలుగా పెట్టి, 2019 ఫిబ్రవరిలో 31 చేసింది. తర్వాత ఏళ్ల తరబడి దాన్ని కదపలేదు. అదే కాలంలో చెరకు ఎఫ్ఆర్‌పీ 275 నుంచి 340 దాటింది. మార్కెట్ బాగున్నప్పుడు పర్లేదు గానీ ధర పడినప్పుడు, రికవరీ తక్కువున్న మన ఫ్యాక్టరీకి మొదట దెబ్బ తగులుతుంది. పిప్పితో కరెంటు, మొలాసిస్‌తో స్పిరిట్టు చేసుకునే పెద్దవాళ్లు తట్టుకుంటారు. పాత యంత్రాలతో ఒక్క పంచదారే చేసేవాళ్లు బ్యాంకు అప్పు మీద నెట్టుకొస్తారు, బ్యాంకు ఆపేస్తే రైతు డబ్బు ఆపుతారు. అంటే రైతు దగ్గర వడ్డీ లేని అప్పు తీసుకున్నట్టు.

అక్కడి నుంచి కిందికి జారడమే. డబ్బు ఆలస్యమైతే రైతు చెరకు తగ్గిస్తాడు. చెరకు తగ్గితే నవంబరు నుంచి మార్చి దాకా ఆడాల్సిన ఫ్యాక్టరీ సంక్రాంతి వెళ్లేసరికే ఆగిపోతుంది. ఆడినా ఆడకపోయినా జీతాలు, మరమ్మతులు, బ్యాంకు వాయిదాలు తప్పవు కాబట్టి టన్నుకి పడే ఖర్చు పెరుగుతుంది, డబ్బు ఇంకా ఆలస్యమవుతుంది, మరుసటి ఏడు చెరకు ఇంకా తగ్గుతుంది. "రైతులు చెరకు వెయ్యడం మానేశారు, అందుకే ఫ్యాక్టరీ నడవడం లేదు" అని యాజమాన్యాలు అంటే మంత్రులు తలూపుతారు. ముందు ఏది జరిగిందో మాత్రం ఎవరూ అడగరు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదని పెద్దవాళ్లు చెబుతారు, అందులో కొంత నిజం ఉంది. సామర్లకోటలో బ్రిటిష్ వాళ్ల కాలం నుంచే పంచదార తయారయ్యేది. తణుకులో ఆంధ్రా షుగర్స్ 1947లో మొదలైంది. చాగల్లు, చెల్లూరు, భీమడోలు, పాలకొల్లు, ఇలా డెల్టా నడుమా అంచునా చాలాచోట్ల పొగగొట్టాలు లేచాయి. అప్పటి రైతుకి ఫ్యాక్టరీ అంటే చెరకు కొనేవాడు మాత్రమే కాదు. విత్తనం ముచ్చెలు అక్కడే, ఎరువు అప్పు మీద అక్కడే, ఫ్యాక్టరీ హామీ మీద బ్యాంకు లోను అక్కడే. కాటా చీటీ చూపిస్తే కిరాణా కొట్టువాడు అరువిచ్చేవాడు, బంగారం కొట్టువాడు పెళ్లికి నగలిచ్చేవాడు. ఆ చీటీ నోటుతో సమానం. అంత నమ్మకం ధర ఎక్కువ కాబట్టి రాలేదు, ఫలానా రోజుకి డబ్బు పడుతుందని వీధిలో అందరికీ తెలుసు కాబట్టి వచ్చింది.

ఇంకో సంగతి. తణుకు కంపెనీ పంచదారతో మొదలుపెట్టి కాస్టిక్ సోడా, ఆస్పిరిన్, చివరికి ఇస్రోకి రాకెట్ ఇంధనం దాకా వెళ్లింది. ఇది దెప్పిపొడుపు కాదు, నిజంగా గర్వపడాల్సిన విషయమే. కానీ చెరకు చుట్టూ పోగైన పెట్టుబడికి ఇంకో దారి పట్టే వీలుంటుంది. ఆ చెరకు పండించిన కౌలు రైతుకి ఆ వీలు లేదు, నేను చెప్పేది అంతే.

మరి మూతపడ్డాక ఎవరు ఎంత నష్టపోయారు? భూమి ఉన్న రైతు తక్కువ. కొంతమందికి చెప్పాలంటే లాభమే. ఎకరాకి సార్వా (వానాకాలం పంట) 30 బస్తాలు, దాళ్వా (రెండో పంట) 40 బస్తాలు వేసుకుందాం, 75 కిలోల బస్తా 2024-25 మద్దతు ధర లెక్కన 1,725 రూపాయలు, రెండు పంటలకీ కలిపి లక్షా ఇరవై వేలు దాటుతుంది. చెరకు లక్షా పదివేలు. దాళ్వాకి నీళ్లొస్తాయన్న నమ్మకం ఉన్నచోట చెరకు ఎందుకు వెయ్యాలి చెప్పండి. ధాన్యం డబ్బు ఆలస్యమైన సీజన్లూ లేకపోలేదు, అయినా మిల్లరుకి కాస్త తక్కువకి అమ్ముకుని బయటపడే దారి ఒకటి ఉంటుంది. ఇంకొందరు చేపల చెరువు తవ్వించి లీజుకిచ్చేశారు. కాబట్టి "ఫ్యాక్టరీ పోతే రైతు పోయాడు" అనే మాట భూమి యజమాని విషయంలో నిలబడదు.

నిలబడేది కూలి మనిషి విషయంలో. దీని గురించి పేపర్లలో పెద్దగా రాయరు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

వరి కోతకి ఇప్పుడు మిషను వస్తుంది, ఎకరం గంటలో అయిపోతుంది, డ్రైవరు కూడా చాలాసార్లు బయటి రాష్ట్రం వాడే. చెరకు మాత్రం మన చిన్న చిన్న మడుల్లో, తడి నేలల్లో, ఇప్పటికీ చేత్తోనే కొయ్యాలి. గడ మొదలంటా నరకాలి, ఆకు దూయాలి, తల కొట్టాలి, కట్ట కట్టాలి, గట్టు మీదుగా మోసి ట్రాక్టరులోకి ఎత్తాలి. అంటే నాలుగైదు నెలలు రోజూ పని. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి, మెట్ట ఊళ్ల నుంచి ముఠాలు వచ్చేవి. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి తెచ్చేవాడు, ఆ అడ్వాన్సే వాళ్ల మెడకి తాడు కూడా అయ్యేది, చిన్న పిల్లలు బడి మానేసి తోటల గట్ల మీద ఉండేవాళ్లు. అది మంచి జీవితం అని నేను చెప్పను. కానీ ఆ పని పోయాక వాళ్లకి అంతకంటే మంచిదేదో దొరికిందని చెప్పినవాళ్లని కూడా నేను చూడలేదు.

ఆ పని చుట్టూ ఇంకెన్ని బతుకులో. చెరకు కత్తులు సాన పట్టే కమ్మరి. రాత్రంతా క్యూలో నిలబడే ట్రాక్టర్ల కోసం గేటు ముందు తెల్లారుజామున మూడింటికే ఇడ్లీ రేకు పొయ్యి మీద పెట్టే ఆవిడ. పంక్చర్ షాపు. తిరుగు బాడుగకి ఇటుకో ఇసుకో చూసుకునే డ్రైవరు. ఇంకా, సోగ, అంటే కోతలో కొట్టేసే చెరకు తల ఆకు. కోత జరుగుతున్న తోటకి ఆడవాళ్లు పొద్దున్నే వెళ్లి పచ్చి సోగ మోపులు కట్టి తెచ్చుకునేవాళ్లు, సెంటు భూమి లేని ఇంట్లో కూడా ఆ నాలుగు నెలలూ గేదె కడుపు నిండేది, పాలు అమ్ముకునేవాళ్లు. ఫ్యాక్టరీ లెక్కల్లో ఈ సోగ ఎక్కడా ఉండదు, రైతు లెక్కలోనూ ఉండదు. చెరకు పోయాక మా ఊళ్లో భూమి లేనివాళ్ల గేదెలు ఎన్ని తగ్గాయో ఎవరైనా లెక్కపెడితే బాగుండు.

ఫ్యాక్టరీ లోపల ఇంకో వరస. పర్మినెంటు వాళ్లు కొద్దిమంది, సీజన్ వర్కర్లు ఎక్కువ. సీజన్ వర్కరుకి క్రషింగ్ ఆగిన నెలల్లో రిటైనింగ్ అలవెన్స్ అని కొంత ఇచ్చేవాళ్లు, మళ్లీ సీజన్‌కి వేరే చోటికి పోకుండా. రసం మరిగించే పాన్ దగ్గర నిలబడి పాకం ఎప్పుడు దింపాలో చూసి చెప్పగలిగే మనిషికి ఇరవై ఏళ్ల అనుభవం ఉంటుంది, ఆ అనుభవం ఇంకెక్కడా పనికిరాదు. అలాంటి ఒకాయన ఇప్పుడు అపార్టుమెంటు వాచ్‌మన్. పలకరిస్తే ఆయన జీతం గురించి అనలేదు, "సీజన్‌లో నిద్ర ఉండేది కాదండీ, ఇప్పుడు నిద్ర తప్ప ఏం లేదండీ" అన్నాడు.

అలాగని ఫ్యాక్టరీ రోజుల్ని స్వర్గంలా చెప్పే వాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. ఆరేసిన బట్టల మీద మసి పడేది. డ్రెయిన్లలో నల్ల నీళ్లు వదిలితే చేపలు తేలేవి, ముక్కు మూసుకుని దాటేవాళ్లం. కాటా మీద నమ్మకం సగం సగమే. ఫీల్డ్‌మన్‌కి "మర్యాద" చెయ్యనిదే ఆర్డరు కదలని కాలాలు కూడా ఉన్నాయి. పని దొరుకుతుంది కదా అని ఇవన్నీ మింగారు జనం. మళ్లీ తెరిస్తే ఇవన్నీ కూడా వస్తాయి.

"మళ్లీ తెరిపిస్తాం" అనే మాట ప్రతి ఎన్నికల్లోనూ వినిపిస్తుంది. తెలంగాణలో నిజాం షుగర్స్ 2015లో మూతపడింది, అప్పటి నుంచి ఎన్ని ప్రభుత్వాలు, ఎన్ని హామీలో చూస్తూనే ఉన్నాం. మూతపడ్డ కంపెనీ దివాలా కోర్టుకి వెళ్తే ఆస్తులమ్మిన డబ్బులో మొదట బ్యాంకులు, కార్మికుల బకాయిలు వస్తాయి, సరుకు సరఫరా చేసినవాళ్లు దాదాపు చివర. మన చట్టం దృష్టిలో చెరకు రైతు కూడా ఒక సప్లయరే, స్టేషనరీ సప్లై చేసిన కొట్టువాడి వరసలోనే. కొత్తగా ఇథనాల్ అంటున్నారు. గోకవరం దగ్గర గుమ్మళ్లదొడ్డిలో 2022లో ధాన్యం ఇథనాల్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. మంచిదే, కానీ నూక, మొక్కజొన్న ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ కొనుక్కోవచ్చు. చెరకు ఫ్యాక్టరీకి చుట్టుపక్కల ఊళ్లు తప్పనిసరి, దీనికి కాదు. అందులో ఇడ్లీ పొయ్యి ఆవిడకి ఎంత వాటా వస్తుంది?

నన్నడిగితే తెరవాలా వద్దా అనే చర్చ కంటే ముందు తేలాల్సింది డబ్బు దారి. ఉత్తరప్రదేశ్‌లో పంచదార అమ్మిన సొమ్ములో 85 శాతం రైతుల బకాయిల కోసం విడిగా ఒక ఖాతాలో వెయ్యాలనే పద్ధతి పెట్టారు. అక్కడ బకాయిలు మాయమైపోయాయని కాదు, కానీ పంచదార గోడౌన్ దాటాక డబ్బు ఎటు పోయిందో కనబడుతుంది. మన దగ్గర అది కూడా లేదు. 15 శాతం వడ్డీ రైతు అర్జీ పెట్టుకుంటే ఇచ్చేది కాకుండా చెల్లింపులోనే తనంతట తాను కలిసేలా ఉండాలి. కౌలు రైతు పేరు మీదే ఒప్పందం, కౌలు రైతు ఖాతాలోకే డబ్బు. మా డెల్టాలో సాగు చేసేది ఎక్కువగా కౌలుదార్లే. బకాయి పడ్డ ఏడాది కూడా మక్తా (కౌలు సొమ్ము) మాత్రం ఆపకుండా కట్టింది వాళ్లే.

ఇదంతా చెరకు వరకే అయితే ఇంత పొడుగు రాసేవాణ్ని కాదు. మెట్ట వైపు, ఏలూరు నుంచి పైకి, ఇప్పుడు ఎక్కడ చూసినా పామాయిల్. అక్కడా ఏ మండలం గెలలు ఏ కంపెనీకో ప్రభుత్వమే కేటాయిస్తుంది, అక్కడా కోసిన గెలని ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే నూనె నాణ్యత పడిపోతుంది, అక్కడా కొనేవాడు ఒక్కడే. ప్రస్తుతానికి నెలనెలా రేటు ప్రకటిస్తున్నారు, జనం సంతోషంగానే మొక్కలు పెడుతున్నారు. మా బాబాయి చెరకు నచ్చక మరుసటి ఏడే దున్నించేశాడు. పామాయిల్ చెట్టు పాతికేళ్లు పైనే నిలబడుతుంది. మొక్కలు తెచ్చుకోబోతున్న మా వాళ్లు కొందరు సబ్సిడీ ఎంత, గెల టన్ను రేటెంత అని నన్నడుగుతున్నారు. ఒప్పందం కాగితంలో చెల్లింపు తేదీ ఉందా, తప్పితే వడ్డీ ఎంతో రాసుందా, ముందు అది చూసుకోండి అని చెబుతున్నాను.